తెల్లవారు వరకు నాలుగు లంగరులు

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 27:27-44

 మీరు ఇంటి పనిలో ఉన్నా, ప్రయాణములో ఉన్నా, ఆసుపత్రి మంచము ప్రక్కన కూర్చుని ఈ మాటలు వింటున్నా, కొద్ది నిమిషాలు మాతో కలిసి దేవుని వాక్యము ధ్యానించుటకు మిమ్మును ఆహ్వానిస్తున్నాము.

ఒక సహోదరి ఇలా వ్రాసింది. ఆమె భర్తకు రెండేళ్ల క్రితము పెద్దప్రేగు క్యాన్సరుకు ఆపరేషన్ అయింది. కీమోథెరపీ కూడా పూర్తయింది. మొన్న తీసిన సీటీ స్కాన్‌లో కాలేయము మీద ఎనిమిది మిల్లీమీటర్ల మచ్చ ఒకటి కనిపించింది. "ఇది క్యాన్సరు అని చెప్పలేము, కాదని కూడా చెప్పలేము. ఎనిమిది వారాల తరువాత మళ్లీ స్కాన్ తీద్దాము" అన్నారు డాక్టరు గారు. ఆ సహోదరి అడిగిన ప్రశ్నలు రెండు. "అయ్యగారూ, ఈ ఎనిమిది వారాలు మేము ఎలా బ్రతకాలి? రాత్రిళ్లు నిద్ర పట్టక నేను భయపడుతున్నాను, ఇది అవిశ్వాసమా?"

ప్రియులారా, చెడ్డ వార్త వింటే ఏడుస్తాము. మంచి వార్త వింటే స్తుతిస్తాము. ఏ వార్తా కాని వార్త వస్తే ఏమి చేయాలో మనకు ఎవరూ నేర్పలేదు. క్యాన్సరు ఉన్నవారికి స్కాన్ ముందు, స్కాన్ తరువాత కలిగే ఈ ఆందోళనకు ఇంగ్లీషులో "స్కాంజైటీ" అని ఒక ప్రత్యేకమైన పేరే పుట్టింది. తానే క్యాన్సరు బారినపడిన అమెరికా రచయిత బ్రూస్ ఫైలర్ 2011లో టైమ్ పత్రికలో దీని గురించి వ్రాశారు. కాబట్టి సహోదరీ, ఈ భయము నీ ఒక్కదానిది కాదు.

ఈ దినము అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములోని ఒక రాత్రిని ధ్యానిద్దాము. పౌలును ఖైదీగా రోమాకు తీసుకొని వెళ్తున్న ఓడ తుపానులో చిక్కుకుంది. ఓడలో 276 మంది ఉన్నారు. అది పదునాలుగవ రాత్రి. అర్ధరాత్రి వేళ ఏదో నేల దగ్గరపడుతున్నదని నావికులకు తోచింది. కాని చీకటి. ఆ నేల రేవా, రాతి తిప్పలా, కనబడదు. వారు ఏమి చేశారో గమనించండి. బుడుదు వేసి లోతు చూచారు. బుడుదు అంటే తాడుకు కట్టిన బరువైన గుండు. ఇరువది బారల లోతు ఉంది. బార అంటే రెండు చేతులు చాచినంత పొడవు. కొంచెము దూరము పోయి మళ్లీ వేశారు. పదునైదు బారలు. అప్పుడు ఓడ వెనుక భాగమునుండి నాలుగు లంగరులు దింపి, తెల్లవారుట కొరకు కనిపెట్టారు.

స్కాన్ అనేది చీకటిలో వేసిన బుడుదు వంటిది. మొదటిసారి వేసినప్పుడు లోతు ఎంతో తెలిసింది గాని, ఓడ ఎటు పోతున్నదో తెలియలేదు. రెండవసారి వేసి, రెండు కొలతలను పోల్చినప్పుడే తెలిసింది. డాక్టరు గారు "ఎనిమిది వారాల తరువాత మళ్లీ" అన్నారంటే మిమ్మును గాలికి వదిలేసినట్టు కాదు. రెండవ బుడుదు వేయబోతున్నారని అర్థము.

ముందుగా వైద్య సంగతులు కొన్ని తేటగా తెలుసుకుందాము. మనము తిన్న ఆహారపు సారము పేగులనుండి రక్తములో కలిసి పోర్టల్ సిర అనే రక్తనాళము ద్వారా మొదట కాలేయానికే చేరుతుంది. అదే దారిలో పేగు క్యాన్సరు కణాలు కూడా కాలేయానికి చేరగలవు. రొమ్ము, ఊపిరితిత్తి, జీర్ణకోశము, క్లోమము మొదలైన చోట్ల పుట్టిన క్యాన్సరు కూడా కాలేయానికి వ్యాపించవచ్చును. అలా వ్యాపించినదానిని చాలామంది "లివరు క్యాన్సరు" అంటారు. అది సరికాదు. పేగులో పుట్టినది కాలేయానికి చేరినా అది పేగు క్యాన్సరే. దానికి ఇచ్చే మందులూ పేగు క్యాన్సరుకు తగిన మందులే.

అయితే కాలేయము మీద కనిపించే ప్రతి మచ్చా క్యాన్సరు కాదు. నీటి తిత్తులు ఉంటాయి. రక్తనాళాలు చుట్టుకొని ఏర్పడే హిమాంజియోమా అనే గడ్డలు ఉంటాయి. ఇవి ఆరోగ్యవంతులలో కూడా తరచుగా కనిపిస్తాయి, హాని చేయవు. కొవ్వు ఒక చోట ఎక్కువగా, ఒక చోట తక్కువగా చేరినా స్కాన్‌లో మచ్చలాగే కనిపిస్తుంది. కొన్ని కీమో మందులే కాలేయములో కొవ్వు చేరేటట్లు చేసి, స్కాన్ చదవడము కష్టము చేస్తాయి. మచ్చ ఒక సెంటీమీటరు కంటె చిన్నదైతే దాని లోపలి స్వభావము సీటీలో సరిగా తెలియదు. అందుకే రిపోర్టులో "ఇండిటర్మినేట్" అనో, "టూ స్మాల్ టు క్యారెక్టరైజ్" అనో వ్రాస్తారు. అంటే "ఇంత చిన్నదానిని ఫలానా అని తేల్చలేము" అని. క్యాన్సరు ఉన్నవారిలో కూడా ఇటువంటి చిన్న మచ్చలలో ఎక్కువ భాగము చివరకు హానిలేనివిగా తేలుతున్నాయి. అన్నీ కాదు. అందుకే మళ్లీ చూడాలి.

ఇదివరకే కాలేయములో క్యాన్సరు ఉన్నదని తేలి చికిత్స పొందుతున్నవారు కూడా మన శ్రోతలలో ఉన్నారు. మీకు వచ్చే రిపోర్టులో "స్టేబుల్" అనే మాట ఉండవచ్చును. తగ్గలేదు గదా అని కృంగిపోతారు. డాక్టర్లు వాడే ఒక కొలబద్ద ఉంది. ఎంచుకున్న గడ్డల కొలతలన్నీ కూడితే మొత్తము 30 శాతము తగ్గితే మందు పని చేసినట్టు. 20 శాతము, కనీసము 5 మిల్లీమీటర్లు పెరిగితే వ్యాధి పెరిగినట్టు. ఈ రెండింటి మధ్య ఉంటే "స్టేబుల్". పది మిల్లీమీటర్ల గడ్డ ఈసారి పదకొండు అని వస్తే వ్యాధి పెరిగిందని కాదు. ఒకే ఫిల్మును ఇద్దరు కొలిచినా ఆపాటి తేడా రావచ్చును. పెరగకుండా నిలిచియుండుట కూడా చికిత్స ఇచ్చిన ఫలమే కావచ్చును.

ఇప్పుడు మనము దింపవలసిన నాలుగు లంగరులు చూద్దాము.

మొదటి లంగరు, తెలిసినదానిని తెలియనిదానినుండి వేరుచేయుట. ఒక కాగితము తీసుకొని మధ్యలో గీత గీయండి. ఒక ప్రక్క తెలిసినది వ్రాయండి: మచ్చ ఒకటే, ఎనిమిది మిల్లీమీటర్లు, ఆయన అన్నము తింటున్నాడు, నడుస్తున్నాడు. రెండవ ప్రక్క తెలియనిది వ్రాయండి: అది ఏమిటో. చాలాసార్లు మన భయము తెలియని ప్రక్కనుండి పుట్టి, తెలిసిన ప్రక్కను కూడా మ్రింగివేస్తుంది. రిపోర్టులో లేని మాటలు అర్ధరాత్రి మనమే దానిలో వ్రాసుకుంటాము.

డాక్టరు గారిని అడుగవలసిన ప్రశ్నలు ముందే వ్రాసుకొని వెళ్లండి. ఈ మచ్చ పాత స్కాన్‌లో కూడా ఉన్నదా? ఎమ్మారై తీస్తే ఇంకా తేటగా తెలుస్తుందా? చిన్న మచ్చలకు చాలాసార్లు సీటీ కంటె ఎమ్మారై మేలు. బయాప్సీ, అంటే సూదితో ముక్క తీసి చేసే పరీక్ష, ఇప్పుడు అవసరమా, వేచియుండుట క్షేమమా? సీఈఏ రక్తపరీక్ష మునుపటితో పోలిస్తే ఎలా ఉంది? ఆ ఒక్క సంఖ్యను చూచి మీరే తీర్పు చెప్పుకోవద్దు. పొగ త్రాగేవారిలోను, కాలేయ జబ్బులున్నవారిలోను క్యాన్సరు లేకుండానే అది పెరగవచ్చును. పెట్ స్కాన్ కూడా అన్నీ తేల్చదు. మరీ చిన్న గడ్డ దానిలో వెలగకపోవచ్చును. మన దేశములో ఎక్కువగా ఉన్న క్షయవ్యాధి గ్రంథులు క్యాన్సరు లేకుండానే వెలగవచ్చును. ముఖ్యముగా, పాత ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు అన్నీ ఒక సంచిలో పెట్టుకొని తీసుకొని వెళ్లండి. మొదటి కొలత లేకుండా రెండవ కొలతకు అర్థము లేదు.

రెండవ లంగరు, ఈ దినము. ఎనిమిది వారాలంటే 56 దినములు. 56 దినముల భారము ఒక్క రాత్రి మోయగల మనిషి లేడు. నిర్గమకాండము 16వ అధ్యాయములో దేవుడు మన్నాను ఏ దినమునకు ఆ దినమే ఇచ్చాడు. రేపటికని దాచినది పురుగుపట్టింది. విశ్రాంతిదినమునకు ముందు మాత్రమే రెండు దినముల ఆహారము దొరికింది. కృప కూడా అలాగే వస్తుంది. తరువాతి స్కాన్ తేదీ క్యాలెండరులో వ్రాసి పెట్టండి. అప్పటివరకు ఆ ప్రశ్న ఆ తేదీకి చెందినది. మనస్సు మాటిమాటికి అక్కడికే పోతుంటే, దినములో ఒక అరగంట దాని కొరకు కేటాయించుకొని, భార్యాభర్తలు కలిసి మాట్లాడుకోండి, కన్నీళ్లు వస్తే ఏడవండి, ప్రార్థించి లేవండి. మిగతా దినము పిల్లల చదువుకు, పొలము పనికి, వంటకు, ఆరాధనకు ఇవ్వండి.

పౌలు ఏమి చేశాడో చూడండి. తెల్లవారుచుండగా, తుపాను ఇంకా ఆగకముందే, అందరినీ ఆహారము పుచ్చుకొమ్మని బ్రతిమాలాడు. తానే రొట్టె పట్టుకొని, అందరి యెదుట దేవునికి కృతజ్ఞత చెల్లించి తిన్నాడు. అప్పుడు మిగిలినవారికి కూడా ధైర్యము వచ్చింది. తినుట, నిద్రించుట, కొద్దిగా నడచుట చిన్న సంగతులు కావు. సహోదరీ, నీవు మానివేసిన రాత్రి భోజనము ఈ దినము తిను. నిద్ర బొత్తిగా పట్టకపోతే డాక్టరుకు చెప్పు. దానికీ సహాయము ఉంది. దానిని అడుగుట పాపము కాదు.

మూడవ లంగరు, తోటి మనుషులు. పక్షవాయువుగల మనిషిని నలుగురు మోసుకొని వచ్చి, ఇంటికప్పు విప్పి ప్రభువు ఎదుట దింపారు. నలుగురు లేకపోతే అతడు అక్కడికి చేరేవాడు కాడు. మన ఇండ్లలో ఏమి జరుగుతుంది? రిపోర్టు బీరువాలో బట్టల క్రింద దాస్తారు. కొడుకుకు తెలుసు, అల్లుడికి తెలుసు, జబ్బు ఉన్న మనిషికి మాత్రము తెలియదు. ప్రేమతోనే దాస్తారు, నేను కాదనను. కాని ఆ మనిషి ఇంటిలోని ముఖాలు చదవలేడా? తన శరీరము సంగతి తనకు తెలియదా? అతడు ఒంటరిగా భయపడతాడు, మీరు ఒంటరిగా భయపడతారు, మధ్యలో ఒక గోడ లేస్తుంది. "మీ స్కాన్ సంగతి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది నాన్నా?" అని మెల్లగా అడగండి. ఆయన ఎంత అడిగితే అంత, అబద్ధము లేకుండా చెప్పండి.

సంఘమునకు కూడా ఒక మాట. ఆదివారము గుడి మెట్ల మీద పదిమందిలో "ఏమైంది, రిపోర్టు వచ్చిందా?" అని అడుగవద్దు. స్కాన్ నాడు తోడుగా వెళ్లండి. ఒక పూట కూర వండి పంపండి. ఆ ఇంటి పిల్లలను ఆ సాయంత్రము మీ ఇంట ఉంచుకోండి. స్కాన్ ఖర్చుకు ఇబ్బంది ఉందేమో పెద్దలు గుట్టుగా కనుక్కోండి. "ఏ పాపము వలన వచ్చిందో" అని మాత్రము అనవద్దు. పుట్టు గ్రుడ్డివాని విషయములో శిష్యులు ఆ ప్రశ్నే అడిగితే ప్రభువు దానిని త్రోసివేశాడని యోహాను సువార్త 9వ అధ్యాయము చెబుతున్నది.

నాలుగవ లంగరు, దాపరికము లేని ప్రార్థన. హిజ్కియా రాజు శత్రువు పంపిన బెదిరింపు ఉత్తరము చదివి ఏమి చేశాడు? దానిని దేవుని మందిరములోనికి తీసుకొనిపోయి ప్రభువు సన్నిధిలో విప్పి పరిచాడు. మీ స్కాన్ రిపోర్టును కూడా అలాగే పరచండి. అందులోని ఇంగ్లీషు మాటలు మీకు అర్థము కాకపోయినా ఆయనకు తెలుసు. "ఎంతకాలము ప్రభువా?" అని అడగండి. 13వ కీర్తనలో దావీదు ఆ ప్రశ్నను ఒకటికి నాలుగుసార్లు అడిగాడు, ఆయినను అతనిని అవిశ్వాసి అని ఎవరూ అనలేదు. గెత్సేమనేలో మన ప్రభువే వేదనపడి, ఆ గిన్నె తొలగిపోవలెనని వేడుకొని, తరువాత తండ్రి చిత్తమునకు తన్ను అప్పగించుకున్నాడు. కాబట్టి సహోదరీ, నీ రెండవ ప్రశ్నకు జవాబు ఇదే. భయము అవిశ్వాసము కాదు. భయముతోనే ఆయన దగ్గరకు వచ్చుట విశ్వాసము.

ఇక ఒక హెచ్చరిక. ఆ రాత్రి ఓడలో మరొక సంగతి జరిగింది. నావికులు కొందరు లంగరులు వేయబోతున్నట్టు నటించి, చిన్న పడవ దింపి పారిపోవ చూచారు. వీరు ఓడలో ఉండకపోతే మీరు తప్పించుకోలేరని పౌలు శతాధిపతితో చెప్పాడు. అందరూ బ్రతుకుతారని దేవదూత చెప్పిన మాట పౌలుకు ముందే ఉన్నది. అయినా నావికుల నైపుణ్యము అక్కరలేదని అతడు అనలేదు. సైనికులు ఆ పడవ త్రాళ్లు కోసివేశారు.

ప్రియులారా, అనిశ్చయములో ఉన్నవారి ప్రక్కకు ఇటువంటి చిన్న పడవలు చాలా వస్తాయి. "మా కూటానికి రండి, మందులు మానేయండి, మందు వేసుకుంటే విశ్వాసము లేనట్టే" అని ఒకరు అంటారు. "ఈ పసరు మూడు వారాలు త్రాగితే గడ్డ కరిగిపోతుంది" అని ఇంకొకరు అంటారు. హిజ్కియా జబ్బుపడినప్పుడు దేవుడే అతనికి ఆయుష్షు పొడిగిస్తానని మాట ఇచ్చాడు. అయినా ప్రవక్తయైన యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. పౌలుతో ప్రయాణము చేసిన లూకా వైద్యుడు. ప్రార్థన చేయించుకోండి, పెద్దలచేత నూనె రాయించుకోండి, యాకోబు పత్రిక అలాగే చెప్పింది. కాని స్కాన్ తేదీ తప్పవద్దు. కాలేయానికి జబ్బు ఉన్నవారు తెలియని పసరు మందులు త్రాగితే ఆ కాలేయమే ఇంకా దెబ్బతినవచ్చును.

ఎనిమిది వారాలు ఆగకూడని సంగతులు కూడా ఉన్నాయి. కండ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, నొప్పి ఆగకపోయినా, మనిషి మగతగా తికమకగా ఉన్నా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి. పచ్చకామెర్లని పసరు పోయించుటకు తిరగవద్దు. కీమో పొందుతున్నవారికి జ్వరము 100.4 డిగ్రీలకు చేరితే అదే దినము, అర్ధరాత్రి అయినా సరే, ఆసుపత్రికి వెళ్లాలి.

"రెండవ స్కాన్‌లో క్యాన్సరే అని తేలితే?" అని మీరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అప్పుడు కూడా దారులు మూసుకొనిపోవు. కాలేయములో కొంత భాగము తీసివేసినా మిగిలినది మరల పెరుగునట్లు దేవుడు దానిని కలుగజేశాడు. పేగు క్యాన్సరు కాలేయములో కొద్ది చోట్ల మాత్రమే ఉంటే ఆపరేషన్‌తో తీసివేయగలుగుతున్నారు. వారిలో కొందరు పూర్తిగా స్వస్థపడుతున్నారు. గడ్డను వేడితో కాల్చే పద్ధతి ఉంది, మందులున్నాయి. కాలేయ సర్జనును కూడా ఒకసారి కలవవచ్చునా అని అడగండి. పాలియేటివ్ కేర్ అనే బాధ నివారణ వైద్యము చివరి దినముల కొరకు మాత్రమే కాదు. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులపై చేసిన ఒక అధ్యయనము వెలువడింది. చికిత్సతోపాటు మొదటినుండే ఆ వైద్యము పొందినవారు తక్కువ కృంగుదలతో ఉన్నారు, కొంత ఎక్కువ కాలము కూడా బ్రతికారు.

ఇప్పుడు ఒక సంగతి నేను మీకు దాచకుండా చెప్పాలి. ఆ ఓడలోని 276 మందిలో ఒక్కరూ చనిపోరని పౌలుకు ఆ ప్రయాణము కొరకు ప్రత్యేకముగా తెలియజేయబడింది. మీ భర్త శరీరము విషయములో అటువంటి మాట నాకు తెలియజేయబడలేదు. తెలియజేయబడినట్టు నేను చెబితే అది అబద్ధము. అదే పౌలు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి రావలసివచ్చింది. తన శరీరములోని ముల్లు కొరకు మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు, కృప మాత్రము ఇయ్యబడింది. కాని తుపాను మధ్య పౌలు మరొక మాట కూడా పలికాడు. తాను ఏ దేవునికి చెందినవాడో ఆ దేవుని దూత తన ప్రక్కన నిలిచాడని చెప్పాడు. ఆ "చెందినవాడు" అనే మాట మీదే, నాదే. ప్రభువును నమ్ముకొన్న ప్రతివానిదే. మచ్చ ఏమిటో ఎనిమిది వారాల తరువాత తెలుస్తుంది. మీరు ఎవరివారో ఈ రాత్రే తెలుసు.

ఉదయమైనప్పుడు ఏమి జరిగింది? ఓడ నేలకు తగిలి అలల దెబ్బకు బద్దలైంది. ఈత వచ్చినవారు ఈదారు. రానివారు పలకల మీద, ఓడ చెక్కల మీద ఒడ్డుకు చేరారు. చేరిన తరువాత అది మెలితే ద్వీపమని తెలిసింది. రాత్రంతా భయపడిన ఆ నేలపై వారిని చేర్చుకొని, వానలో చలిమంట వేసి ఆదరించిన మనుషులు ఉన్నారు. ఓడ నిలిచినా, నిలవకపోయినా, మనలను చేర్చుకొనే ఒడ్డు ఉన్నది, ఆ ఒడ్డున ప్రభువు ఉన్నాడు.

ప్రియ సహోదరీ, ఈ రాత్రి నాలుగు లంగరులు దింపి, అన్నము తిని పడుకో. తెల్లవారుతుంది. ప్రార్థన చేసుకుందాము.

ప్రేమగల తండ్రీ, స్కాన్ రిపోర్టు చేతిలో పట్టుకొని ఏమీ తోచక కూర్చున్న నీ బిడ్డలను నీ సన్నిధికి తెస్తున్నాము. నీకు చిత్తమైతే వారిని స్వస్థపరచుము. వైద్యుల కండ్లకు తేటయైన చూపు నిమ్ము. ఇంటిలో సత్యము చెప్పుకొనే ప్రేమను, సంఘములో భారము మోసే భుజములను దయచేయుము. ఈ ఒక్క రాత్రికి కావలసిన నిద్ర నిమ్ము. రేపటిని నీ చేతిలోనే ఉంచుకొనుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.